కెమెరా కొనే ముందు: లెన్సుతో మొదలుపెట్టి బాడీ దాకా

కెమెరా కొందామనుకోగానే చాలామంది బాడీల పేర్లతో మొదలుపెడతారు. కెనానా, నికానా, సోనీయా? ఎన్ని మెగాపిక్సెళ్లు? ఈ చర్చ తేలేసరికి దాచుకున్న డబ్బులో ముప్పాతిక వంతు బాడీకి పోతుంది. మిగిలిన దాంట్లో పెట్టెతో పాటు వచ్చే లెన్సుతోనే సరిపెట్టుకుంటారు. నా సలహా దీనికి తలకిందులుగా ఉంటుంది. మీరు ఎక్కడ నిలబడి తీస్తారు, అక్కడ వెలుతురు ఎంత ఉంటుంది అన్నది ముందు తేల్చుకోండి. లెన్సు ఏదో దాన్నిబట్టి తెలుస్తుంది. ఆ లెన్సు దొరికే మౌంటు, అంటే బాడీకి లెన్సు బిగించే అమరిక, ఏదో తర్వాత చూసుకోవాలి. ఆ మౌంటులో మీ చేతికీ మీ డబ్బుకీ సరిపడే బాడీని ఎంచుకోవడం చివరి పని. బాడీని నాలుగైదేళ్లకు మార్చేస్తారు. మంచి లెన్సు పదిహేనేళ్లయినా మీ దగ్గరే ఉంటుంది.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఉంటూ, సరదాకు మొదలుపెట్టి ఇప్పుడు మనసు పెట్టి ఫోటోలు తీయాలనుకుంటున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఉదాహరణలన్నీ మన చుట్టుపక్కల చోట్ల నుంచే తీసుకున్నాను. ఆదివారం తెల్లవారుజామున కెమెరా భుజాన వేసుకుని మీరు వెళ్లేది అక్కడికే కాబట్టి.

1. పాత ఫోటోలు తిరగేయండి

ఫోనులో గత ఏడాదిగా తీసిన ఫోటోలు ఉంటాయి. వాటిలో మీకు నిజంగా నచ్చినవి ఒక పాతిక, ముప్పై పక్కకు తీయండి. ఎవరో మెచ్చుకున్నవి వద్దు, మీరు మళ్లీ మళ్లీ తెరిచి చూసుకునేవి తీయండి. ఒక కాగితం మీద మూడు గళ్లు గీసి ఒక్కో ఫోటోకు రాసుకోండి: వస్తువు ఏమిటి, మీకు ఎంత దూరంలో ఉంది, ఎండా నీడా రాత్రా.

ఇప్పటికే పెట్టెతో పాటు వచ్చే కిట్ లెన్సుతో (సాధారణంగా 18-55 మి.మీ. జూమ్) ఏదైనా కెమెరా వాడుతుంటే పని ఇంకా సులువు. ప్రతి ఫోటో ఫైలులో ఫోకల్ లెంగ్త్ (లెన్సు దూరాన్ని ఎంత దగ్గరకు తెస్తుందో చెప్పే మి.మీ. అంకె), షట్టర్ వేగం (వెలుతురు ఎంతసేపు లోపలికి వచ్చిందో), ఐఎస్‌ఓ (ఆ వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపిందో) నమోదై ఉంటాయి. ఎక్కువ ఫోటోలు 55 మి.మీ. దగ్గరే ఉండి, ఆపైన కత్తిరించుకోవలసి వస్తుంటే మీకు కావలసింది దూరపు వస్తువును దగ్గరకు తెచ్చే టెలిఫోటో. అన్నీ 18 దగ్గరే ఉండి, గోడకు వీపు ఆనించి తీసినవైతే ఎక్కువ వెడల్పు చూపించే వైడ్ లెన్సు. దూరం సరిగ్గానే ఉండి ఫోటోలు చెదిరిపోతుంటే, లేదా ఐఎస్‌ఓ 6400 దాటి గరుకుగా వస్తుంటే జూమ్ లేకపోయినా వెలుతురును ఎక్కువగా లోపలికి రానిచ్చే ప్రైమ్ లెన్సు కావాలి. ఈ కాగితం పక్కన పెట్టుకోకుండా దుకాణం మెట్లు ఎక్కకండి.

2. దూరాన్ని, వెలుతురును లెక్కగట్టండి

దీనికి ఒక చిన్న లెక్క చాలు. వస్తువు పొడవును ఫోకల్ లెంగ్త్‌తో గుణించి, దూరంతో భాగిస్తే సెన్సరు (వెలుతురును ఫోటోగా మార్చే పలక) మీద ఆ వస్తువు ఎంత పెద్దదిగా పడుతుందో వస్తుంది. ఆ అంకెను సెన్సరు వెడల్పుతో పోల్చండి. ఔత్సాహికుల కెమెరాల్లో ఎక్కువగా ఉండే ఏపీఎస్-సీ సెన్సరు వెడల్పు సుమారు 23.5 మి.మీ., ఎత్తు 15.6 మి.మీ. కెనాన్‌లో ఇది కాస్త తక్కువ, 22.3 మి.మీ. వెడల్పు.

టెక్కలి దగ్గరి తేలినీలాపురం సంగతి చూద్దాం. చలికాలమంతా అక్కడి చెట్ల మీద పెలికాన్లు, పెయింటెడ్ స్టార్కులు గూళ్లు కట్టుకుని ఉంటాయి. పెలికాన్ పొడవు 1.4 మీటర్లు అనుకోండి. మీరు 50 మీటర్ల దూరంలో నిలబడ్డారు. 200 మి.మీ. లెన్సుతో అది సెన్సరు మీద 5.6 మి.మీ. మాత్రమే వస్తుంది, అంటే ఫోటో వెడల్పులో పావు వంతు కూడా నిండదు. 400 మి.మీ. లెన్సుతో 11.2 మి.మీ., దాదాపు సగం ఫ్రేము. 600 అయితే ముప్పాతిక దాకా నిండుతుంది. పక్షి రెక్కలు విప్పితే 600 మి.మీ.లో పట్టదు కూడా. కాబట్టి అక్కడికి కనీసం 400 అవసరం. 55-250, 70-300 లెన్సులతో చెట్టు, గూళ్లు, గుంపు కలిసిన దృశ్యాలు బాగా వస్తాయి గానీ కంటి రంగు తెలిసే దగ్గరి చిత్రం రాదు.

లెన్సు చాలడం లేదని గూళ్లకు దగ్గరగా వెళ్లడం మాత్రం ఎప్పుడూ చేయకండి. తల్లి పక్షి బెదిరి లేచిపోతే గుడ్లు, పిల్లలు ఎండకూ కాకులకూ దొరికిపోతాయి. తరతరాలుగా ఆ ఊరివాళ్లు ఆ పక్షులను ఇంటి బిడ్డల్లా చూసుకుంటున్నారు. అక్కడ పెద్ద లెన్సు కొనుక్కోవడానికి ఇదే మొదటి కారణం: మనం దూరంగా ఉండగలగడం.

ఈ తరగతిలో రెండు దారులున్నాయి. కెనాన్ ఆర్‌ఎఫ్ 100-400 వంటివి 635 గ్రాములే, మెడకు వేసుకుని రోజంతా తిరగవచ్చు. కానీ చివరన ఎఫ్/8 దాకా ముడుచుకుంటాయి (ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ లెన్సు తెరుపు చిన్నది, వెలుతురు తక్కువ) కాబట్టి మబ్బు పట్టిన రోజున ఇబ్బంది. సోనీ 200-600, నికాన్ జెడ్ 180-600 లాంటివి వెలుతురును మెరుగ్గా పట్టుకుంటాయి, కానీ రెండు కిలోల బరువు. అరగంట ఎత్తి పట్టుకుంటే చేతులు వణుకుతాయి, మోనోపాడ్ (ఒంటికాలి ఊత) తప్పదు. పక్షులే మీ లోకమైతే రెండోదానికి వెళ్లండి. పక్షులూ ఒక సరదా మాత్రమే అయితే మొదటిదే మేలు, ఎందుకంటే ఇంట్లో వదిలి వెళ్లిన లెన్సుతో ఒక్క ఫోటో కూడా రాదు.

ఇంకొక మాట. ఉదయం పది దాటాక పొలాల మీదుగా దూరపు పక్షిని తీస్తే నేల నుంచి లేచే వేడి గాలి వల్ల ఫోటో మెత్తబడిపోతుంది. లెన్సు బాగాలేదని దాన్ని అమ్ముకున్నవాళ్లు ఉన్నారు. లక్షన్నర లెన్సుతో పదకొండింటికి తీసినదాని కన్నా మామూలు లెన్సుతో ఏడింటికి తీసినదే స్ఫుటంగా వస్తుంది.

ఇప్పుడు దీనికి పూర్తిగా వేరైన చోటు, సన్న ఖద్దరుకు పేరుపడ్డ పొందూరు. రాట్నం ముందు కూర్చున్న మనిషికీ మీకూ మధ్య రెండు మీటర్లకు మించి ఉండదు. వెలుతురు వాకిలి నుంచో ఒక చిన్న కిటికీ నుంచో వస్తుంది. ఆ సన్న ఖద్దరు కోసం పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేస్తారు. ఆ పళ్ల మధ్య నుంచి పోగులు విడివడే క్షణం చూసి తీరవలసిన దృశ్యం. కానీ చేతులు కదులుతూ ఉంటాయి. షట్టర్ వేగం సెకనులో 125వ వంతుకు తగ్గితే వేళ్లు చెదురుతాయి. కిట్ లెన్సు 35 మి.మీ. దగ్గర సుమారు ఎఫ్/5 దాకానే తెరుచుకుంటుంది. ఎఫ్/1.8 ప్రైమ్ దానికన్నా ఏడెనిమిది రెట్లు ఎక్కువ వెలుతురును లోపలికి పంపుతుంది. కిట్ లెన్సుతో ఐఎస్‌ఓ 6400 అవసరమైన చోట ప్రైమ్‌తో 800 సరిపోతుందన్నమాట. తెల్లటి నూలు మీది మెత్తదనం నిలిచేది ఆ తేడాలోనే.

ఫోకల్ లెంగ్త్ ఎంత? రెండు మీటర్ల దూరం నుంచి 35 మి.మీ. లెన్సు 1.3 మీటర్ల వెడల్పును చూపిస్తుంది. మనిషి, రాట్నం కొంచెం బిగుతుగా పడతాయి. 23 లేదా 24 మి.మీ. అయితే దాదాపు రెండు మీటర్లు పడుతుంది, మగ్గం గుంటలో కూర్చున్న నేతగాడిని కూడా హాయిగా తీయవచ్చు. మొదటి ప్రైమ్‌గా అందరూ చెప్పేది 50 మి.మీ. ఎఫ్/1.8, చౌకగా వస్తుందని. ఏపీఎస్-సీ మీద అది మన ఇళ్ల గదులకు మరీ ఇరుకు. ముఖచిత్రాలకు దివ్యంగా ఉంటుంది, గదిలో పనికి మాత్రం 35 గానీ, 30 గానీ, ఇంకా తక్కువ గానీ తీసుకోండి.

ఇక విజయనగరం సిరిమానోత్సవం. విజయదశమి తర్వాతి మంగళవారం, ఇసుక వేస్తే రాలని జనం. మధ్యాహ్నం దాటాక మొదలై పొద్దుగుంకే దాకా పైడితల్లి గుడికీ కోటకూ మధ్య సిరిమాను (కొసన పూజారి కూర్చునే పొడవాటి మాను) తిరుగుతుంది. మీరు ఒకసారి నిలబడ్డాక కదలలేరు. దుమ్ము, తోపులాట మధ్య లెన్సు విప్పి ఇంకొకటి బిగించడం కుదిరే పని కాదు. అక్కడ ఒక్క జూమ్ లెన్సే దిక్కు. లెక్క చూడండి: 25 మీటర్ల దూరంలో 18 మి.మీ. లెన్సు సుమారు 32 మీటర్ల వెడల్పు చూపిస్తుంది. మాను మొత్తం, దాని చుట్టూ జనసముద్రం అందులో పడతాయి. అదే చోటి నుంచి 140 మి.మీ.కి తిప్పితే మాను కొసన పీటలో కూర్చున్న పూజారి ఫ్రేము ఎత్తులో దాదాపు సగం నిండుతారు. 18-135, 18-140, 18-150 పేర్లతో అన్ని ప్రధాన కంపెనీల్లోనూ ఇలాంటివి ఉన్నాయి, చాలావాటి బరువు మూడు వందల గ్రాముల పైచిలుకు. వీటిని తక్కువ చేసి మాట్లాడేవాళ్లు చాలామంది. అంచుల్లో కాస్త మెత్తగా ఉంటాయి, నిజమే. కానీ ఆ రోజు ఆ చోట వీటికి మించిన లెన్సు లేదు. చీకటి పడ్డాక ఇవి చేతులెత్తేస్తాయి, ఆ సంగతి మాత్రం గుర్తుంచుకోండి.

శ్రీముఖలింగం లాంటి గుళ్ల కోసం 18 మి.మీ. కన్నా వెడల్పు చూపించే అల్ట్రావైడ్ కొనాలా అని చాలామంది అడుగుతారు. తొందరపడకండి. నాలుగడుగులు వెనక్కి వేస్తే సోమేశ్వరాలయం శిఖరం కిట్ లెన్సు 18 మి.మీ.లోనే పడుతుంది. బాగా దగ్గర నుంచి అల్ట్రావైడ్‌తో కెమెరా పైకెత్తి తీస్తే శిఖరం వెనక్కి వాలిపోయినట్లు వస్తుంది. ఎత్తులో ఉన్న శిల్పాలకు కావలసింది 70-300 వంటి టెలిఫోటో. అంతకన్నా ముఖ్యం, రాతిని పక్క నుంచి తాకే పొద్దుటి ఎండ. గర్భాలయాల్లో కెమెరాకు అనుమతి ఉండదు, దాన్ని దృష్టిలో పెట్టుకుని ఏ లెన్సూ కొనవద్దు.

రాత్రి జాతర్లలో తప్పెటగుళ్లు తీయాలనే కోరిక ఉంటే అది అన్నిటికన్నా కఠినమైన పరీక్ష. గుండెల మీద తప్పెట కట్టుకుని ఎగిరే కళాకారుణ్ణి ఆపాలంటే 500వ వంతు సెకను కావాలి, వెలుతురు చూస్తే రెండు ట్యూబులైట్లు. ఎఫ్/1.8 ప్రైమ్, వీలైతే పెద్ద సెన్సరున్న ఫుల్‌ఫ్రేమ్ బాడీ. దీనికి దగ్గరి దారి లేదు.

3. సెన్సరు పరిమాణం తేల్చుకోండి

ఫుల్‌ఫ్రేమ్ సెన్సరు 36×24 మి.మీ. విస్తీర్ణంలో ఇది ఏపీఎస్-సీకి సుమారు 2.3 రెట్లు. ఒకే లెన్సు తెరుపు, ఒకే షట్టర్ వేగం పెట్టినప్పుడు తక్కువ వెలుతురులో ఒక స్టాపు (వెలుతురు రెట్టింపైనంత) పైచిలుకు లాభం ఉంటుంది. దానికి చెల్లించేది డబ్బులోనూ బరువులోనూ. పక్షుల విషయంలో ఏపీఎస్-సీ వైపే మొగ్గు: 400 మి.మీ. లెన్సు దాని మీద ఫుల్‌ఫ్రేమ్‌లో 600 చూపించినంత చూపిస్తుంది, కెనాన్‌లో 640.

నా మట్టుకు, మొదటి సీరియస్ కెమెరాగా ఏపీఎస్-సీ తీసుకుని మిగిలిన డబ్బు లెన్సు మీద పెట్టమంటాను. ఫుల్‌ఫ్రేమ్ బాడీ మీద చవక జూమ్ కన్నా ఏపీఎస్-సీ మీద ఎఫ్/1.8 ప్రైమ్ చీకటి గదిలో మెరుగ్గా పనిచేస్తుంది. మీ కాగితంలో సగానికి పైగా గళ్లలో "రాత్రి" అని ఉంటే మాత్రం ఫుల్‌ఫ్రేమ్ గురించి ఆలోచించండి.

4. మౌంటును ఎంచుకోండి

మౌంటు అంటే బాడీకి లెన్సు బిగించే చోటు. ఒక మౌంటుకు చేసిన లెన్సు ఇంకొక మౌంటు బాడీకి నేరుగా ఎక్కదు. అందుకే మీరు కొనేది ఒక కెమెరా అనుకోకుండా ఒక లెన్సుల కుటుంబం అనుకోండి.

కెనాన్ ఆర్‌ఎఫ్, నికాన్ జెడ్ రెండూ 2018లో వచ్చాయి. సోనీ ఇ 2010 నుంచి ఉంది, ఫ్యూజీఫిల్మ్ ఎక్స్ 2012 నుంచి. పాతది కావడంతో సోనీ ఇ మౌంటుకు సిగ్మా, టామ్రాన్ వంటి కంపెనీల లెన్సులు అన్నిటికన్నా ఎక్కువ దొరుకుతాయి, సెకండ్‌హ్యాండ్‌లో కూడా. సిగ్మా 18-50 ఎఫ్/2.8 ఏపీఎస్-సీ లెన్సు 290 గ్రాములే, పొందూరు ఇంట్లోనూ బయట తిరునాళ్లలోనూ ఉపయోగపడుతుంది. కెనాన్ 2024లో ఏపీఎస్-సీ ఆర్‌ఎఫ్ లెన్సుల తయారీకి సిగ్మా, టామ్రాన్‌లకు దారి తెరిచింది కాబట్టి ఆ కొరత కొంత తీరింది.

ఇక్కడ మీరు చేయవలసిన పని: రెండో మెట్టులో తేలిన లెన్సు పేరు పట్టుకుని, ఒక్కో మౌంటులో అది ఉందా, ధర ఎంత, సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతోందా అని చూసి రాసుకోండి. రెండేళ్ల తర్వాత కొనాలనుకునే లెన్సును కూడా అదే కాగితం మీద చూడండి. ఒక మౌంటు స్పష్టంగా ముందుకు వస్తుంది. మీ మిత్రుల్లో ఎవరి దగ్గరైనా అదే మౌంటు ఉంటే అది పెద్ద వరం, లెన్సులు ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకోవచ్చు.

డీఎస్‌ఎల్‌ఆర్ (లోపల అద్దం ఉండే పాత తరహా కెమెరా) కొనవచ్చా? 2020 తర్వాత కెనాన్ గానీ నికాన్ గానీ కొత్త డీఎస్‌ఎల్‌ఆర్ బాడీ తీసుకురాలేదు. అలాగని ఉన్నవి పనికిరాకుండా పోలేదు. పెళ్లి ఫోటోగ్రాఫర్లు ఆ అద్దం లేని మిర్రర్‌లెస్‌కు మారుతుండటంతో మంచి డీఎస్‌ఎల్‌ఆర్ బాడీలు, లెన్సులు తక్కువ ధరకు దొరుకుతున్నాయి. డబ్బు బాగా తక్కువగా ఉంటే నికాన్ డీ7200 వంటి బాడీ, దానికి ఒక 35 ఎఫ్/1.8 కలిపి తీసుకుని చాలా నేర్చుకోవచ్చు. కెనాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌ల ఈఎఫ్ లెన్సులు అడాప్టరుతో (మధ్యలో బిగించే జోడింపు రింగు) ఆర్‌ఎఫ్ బాడీల మీద ఆటోఫోకస్‌తో సహా చక్కగా పనిచేస్తాయి. నికాన్‌లో జాగ్రత్త: డీ3000, డీ5000 వరుస బాడీల్లో ఫోకస్ మోటారు ఉండదు. పాత 50 ఎఫ్/1.8డీ లాంటి లెన్సు వాటికి బిగిస్తే చేత్తో తిప్పి ఫోకస్ చేసుకోవాలి. జెడ్ బాడీకి పెట్టే ఎఫ్‌టీజెడ్ అడాప్టరులోనూ ఆ మోటారు లేదు.

5. ఇప్పుడు బాడీ

మెగాపిక్సెళ్ల గురించి ఆలోచన వదిలేయండి. 24 మెగాపిక్సెళ్లతో 20 అంగుళాల వెడల్పున దగ్గర నుంచి చూసినా చెక్కుచెదరని ప్రింటు వస్తుంది. చూడవలసినవి వేరే.

వ్యూఫైండర్ (కంటికి ఆనించి చూసే కిటికీ) ఉండాలి. మన ఎండలో వెనుక తెర మీద ఏమీ కనిపించదు. మార్చి నుంచి జూన్ దాకా మిట్టమధ్యాహ్నం బయట తీసేవాళ్లకు ఇది తప్పనిసరి. వ్యూఫైండర్ లేని చిన్న బాడీలు వీడియోలకు సరిపోతాయి, మీకు వద్దు.

రెండు డయళ్లు ఉండాలి, ఒకటి షట్టర్ వేగానికి, ఒకటి లెన్సు తెరుపుకు. కెనాన్‌లో ఆర్50కీ ఆర్10కీ మధ్య నా దృష్టిలో పెద్ద తేడా ఇదే, రెండు డయళ్లున్నది ఆర్10. పక్షి ఎగిరిన క్షణంలో మెనూలోకి వెళ్లే సమయం ఉండదు.

పక్షులు తీసేవాళ్లు పక్షి కన్నును గుర్తుపట్టే ఆటోఫోకస్ ఉందో లేదో చూడాలి. కెనాన్ ఆర్10, ఆర్7, నికాన్ జెడ్50-2, సోనీ ఏ6700లలో ఉంది. బాడీలోనే కుదుపును ఆపే ఏర్పాటు ఆర్7, ఏ6700లలో ఉంది, జెడ్50-2, ఆర్10లలో లేదు. ఈ ఏర్పాటు మీ చేతి వణుకును మాత్రమే ఆపుతుంది, ఎదుటి మనిషి కదలికను ఆపలేదు. గుళ్లు, ప్రకృతి దృశ్యాలు తీసేవాళ్లకు బాగా ఉపయోగం, తప్పెటగుళ్లకు ఏమాత్రం పనికిరాదు.

చివరగా, చేతిలో పట్టుకుని చూడాలి. మీరు కొనబోయే లెన్సునే బిగించమని అడగండి. చిటికెన వేలు గాల్లో వేలాడుతూ ఉంటే రెండు కిలోల లెన్సుతో ఆ బాడీ రోజంతా మోయడం కష్టం.

6. అద్దెకు తెచ్చి వాడి చూడండి

విశాఖపట్నంలో కెమెరాలు, లెన్సులు రోజు లెక్కన అద్దెకు ఇచ్చేవాళ్లు ఉన్నారు. విజయనగరం నుంచి రైల్లో గంట ప్రయాణం. మన పట్టణాల్లో స్టూడియోవాళ్లతో పరిచయం ఉంటే వాళ్ల దగ్గరా దొరకవచ్చు, పెళ్లిళ్ల ముహూర్తాలు లేని వారం చూసుకుని అడగండి. లక్ష రూపాయల పెద్ద లెన్సు కొనాలనుకుంటే జనవరిలో రెండు రోజులు అద్దెకు తెచ్చి తేలినీలాపురంలో వాడండి. బరువు మోయగలరా, మూడో గంటకు కూడా ఉత్సాహం నిలిచిందా, ఇంటికొచ్చి చూసుకున్న ఫోటోల్లో మీకు కావలసింది వచ్చిందా? ఈ మూడింటికీ అవునని వస్తే కొనండి.

7. కొనేటప్పుడు

మొత్తం డబ్బులో బాడీకి సగానికి మించి పోనివ్వకండి. ఒక అదనపు బ్యాటరీ, రెండు మంచి కార్డులు, తేమ నుంచి కాపాడే పెట్టె కోసం పదో వంతు పక్కన పెట్టండి. మిగిలినదంతా లెన్సుకే.

కొత్తది కొంటే జీఎస్టీ బిల్లు మీద బాడీ, లెన్సుల సీరియల్ నంబర్లు రాయించుకోండి. కెమెరాలపై 18 శాతం జీఎస్టీ ఉంది. బిల్లు లేకుండా ఆ మేరకు తగ్గిస్తామంటే ఒప్పుకోవద్దు. అలా వచ్చే సరుకుకు మన దేశంలో వారంటీ ఉండకపోవచ్చు.

సెకండ్‌హ్యాండ్ లెన్సు కొనేటప్పుడు మాత్రం తీరిగ్గా కూర్చుని పరీక్షించండి. సముద్రం దగ్గరి జిల్లాలు మనవి, ఇక్కడ వాడిన లెన్సులకు అసలు శత్రువు ఫంగస్. రెండు మూతలూ తీసి, లెన్సు తెరుపును పూర్తిగా తెరిచి, ఫోను టార్చిని వెనుక వైపు నుంచి కాస్త ఏటవాలుగా వేసి, ముందు వైపు నుంచి లోపలికి చూడండి. అక్కడక్కడా చుక్కల్లా కనిపించేది దుమ్ము, దానితో నష్టం లేదు. అంచు దగ్గర మొదలై లోపలికి పాకిన సన్నటి దారాలు, సాలెగూడులా అల్లుకున్న తీగలు కనిపిస్తే అది ఫంగస్. ఎంత తగ్గించి ఇచ్చినా వద్దనండి. అద్దం మొత్తం పల్చగా పాలు పోసినట్లు మసకగా ఉన్నా వద్దు. ఆ తర్వాత ఒక దినపత్రిక పేజీని గోడకు చదునుగా అతికించి, లెన్సును పూర్తిగా తెరిచి ఎదురుగా నిలబడి తీయండి. నాలుగు మూలల్లో అక్షరాలు దాదాపు ఒకేలా కనిపించాలి. ఒక మూల మాత్రమే అలుక్కుపోయి ఉంటే లెన్సు ఎప్పుడో కింద పడి ఉంటుంది.

బాడీ అయితే ఎఫ్/16 పెట్టి తెల్లటి గోడను గానీ ఆకాశాన్ని గానీ తీసి పెద్దది చేసి చూడండి, సెన్సరు మీది మరకలు నల్ల మచ్చలుగా బయటపడతాయి. షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో అడగండి. మధ్యస్థాయి బాడీల షట్టరు సాధారణంగా లక్ష నుంచి రెండు లక్షల క్లిక్కుల దాకా నిలిచేలా చేస్తారు. పెళ్లిళ్లకు వాడినది ఆ అంకెకు దగ్గరపడి ఉంటే ధర అందుకు తగ్గట్టు ఉండాలి.

8. తేమ, ఉప్పు

గాలిలో తేమ 60 శాతం దాటితే లెన్సుల్లో ఫంగస్ పెరిగే ప్రమాదం మొదలవుతుంది. మన తీరంలో ఏడాదిలో చాలా నెలలు తేమ 70 శాతం పైనే ఉంటుంది. అందుకే కెమెరా సంచిలో పెట్టి బీరువాలో దాచడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి, ఆ సంచి గుడ్డే తేమను పీల్చి పట్టి ఉంచుతుంది. డ్రై క్యాబినెట్ (లోపలి తేమను తానే తగ్గించే పెట్టె) కొనగలిగితే మంచిదే. లేకపోతే రబ్బరు అంచున్న గాలి చొరబడని ప్లాస్టిక్ పెట్టె, అందులో తేమ పీల్చే సిలికాజెల్, తేమ చూపించే చిన్న మీటరు చాలు. మీటరు 40, 50 మధ్య ఉండాలి. రంగు మారే సిలికాజెల్ తీసుకోండి. రంగు మారగానే సన్నటి మంట మీద వేడి చేసి ఆరబెట్టి మళ్లీ పెట్టుకోవచ్చు. వారానికి ఒకసారైనా లెన్సులను బయటకు తీసి వాడండి. వెలుతురు తగిలే లెన్సుకు ఫంగస్ అంత సులభంగా పట్టదు.

కళింగపట్నం, బారువ, చింతపల్లి తీరాలకు వెళ్లినప్పుడు లెన్సు ముందు రక్షణ ఫిల్టరు పెట్టండి. మిగతా చోట్ల అది అవసరమని నేననుకోను గానీ సముద్రపు గాలిలోని ఉప్పు తుంపరకు మాత్రం కావాలి. ఇసుక మీద లెన్సు మార్చవద్దు. ఇంటికి రాగానే మంచినీటిలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో బాడీ బయటి భాగాన్ని, ట్రైపాడ్ కాళ్లను తుడిచి, పొడి గుడ్డతో మళ్లీ తుడవండి. ఏసీ కారులోంచి దిగినప్పుడు సంచి జిప్పు తీయకుండా అరగంట ఆగండి. లేదంటే చల్లటి అద్దం మీద ఆవిరి పట్టి, లోపలి అద్దాల మీదా తడి చేరుతుంది.

9. రెండో లెన్సు ఎప్పుడు

మొదటి మూడు నెలలు కొన్న ఒక్క లెన్సుతోనే తిరగండి. తర్వాత మొదటి మెట్టులో చేసిన పని మళ్లీ చేయండి: నచ్చిన ముప్పై ఫోటోలు, మూడు గళ్ల కాగితం. ఈసారి నాలుగో గడి ఒకటి కలపండి. తీయలేకపోయిన ఫోటోలు, ఎందుకు తీయలేకపోయారు. పక్షి చిన్నదైపోయిందా, గది ఇరుకైందా, చీకటి పడిందా. ఒకే కారణం కనీసం ఐదారుసార్లు కనిపిస్తే ఆ లోటు తీర్చే లెన్సు కొనండి. కారణాలు తలో రకంగా ఉంటే ఇంకో మూడు నెలలు ఆగండి. జూన్‌లో వానలు పడగానే ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి ఓపెన్‌బిల్ కొంగలు వస్తాయి. ఈ లోపు టెలిఫోటో కొనడానికి మనసొప్పకపోతే అప్పుడు రెండు రోజులకు అద్దెకు తెచ్చుకోండి.